పాలు విరిగిన మర్నాడు: ఒక ఏకపాత్ర నాటకం తయారైన తీరు

మా నాటకంలో మనిషి ఒక్కరే. ఆమె చేతిలో వస్తువూ ఒక్కటే, ఒక ఇత్తడి పాలగిన్నె. నలభై ఐదు నిమిషాల సేపు ఆమె ఆ గిన్నె తోముతూ ఉంటుంది. విశాఖపట్నంలో ఇప్పటికి మూడు సార్లు వేశాం. మొదటిసారి వేసినప్పుడు తోమడం లేదు, పాలు కాచడం ఉంది. ఆ రోజు చప్పట్లు బాగా పడ్డాయి, నాటకం మాత్రం చేజారిపోయింది. ఆ చప్పట్ల దగ్గర్నుంచి ఈ తోముడు దాకా ఎలా వచ్చామో వివరంగా రాస్తున్నాను. ఏకపాత్రలు వేసేవాళ్లకీ, వేయించేవాళ్లకీ ఇందులో ఏదో ఒకటి పనికొస్తుందని నా ఆశ.

ముందు కథ. ఖడ్గతిక్కన పేరు మా తరం బడిలోనే విన్నది. 13వ శతాబ్దం, నెల్లూరు ఏలుతున్నవాడు మనుమసిద్ధి. కాటమరాజు తన ఆలమందల్ని తోలుకొచ్చి నెల్లూరు సీమ బీళ్లలో మేపుకున్నాడు. మేతకి పన్ను కట్టాలి, దాన్ని పుల్లరి అంటారు. ఆ పుల్లరి దగ్గర మాట చెడింది. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధమైంది. మనుమసిద్ధి తరఫున సేన నడిపినవాడు తిక్కన. మహాభారతం తెలుగు చేసిన తిక్కన సోమయాజికి ఈయన పెదతండ్రి కొడుకు. ఇద్దరిదీ ఒకే పేరు కాబట్టి కత్తి పట్టినవాణ్ని ఖడ్గతిక్కన అన్నారు.

యుద్ధంలో బలం చాలక తిక్కన ఇంటికి తిరిగొచ్చాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్లు తోడి, మంచం అడ్డు పెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటని అడిగితే, ఇంట్లో ఇప్పుడు ఆడవాళ్లం ముగ్గురమయ్యాం కదా, సిగ్గెందుకు అంది. తర్వాత తల్లి ప్రోలమ్మ అన్నంలోకి విరిగిన పాలు పోసింది. పాలు విరిగాయేమమ్మా అని అడిగాడు. శత్రువుకి వెన్ను చూపి నువ్వు విరిగొచ్చినట్టే మేతకెళ్లిన పసులూ విరిగొచ్చాయి, పాలూ విరిగాయి అంది. తిక్కన తినకుండా లేచాడు. మళ్లీ యుద్ధానికి వెళ్లి, పోరాడి చనిపోయాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ల మాటలూ చాటుపద్యాలై జనం నోట నిలిచిపోయాయి.

కథ అక్కడితో ఆగిపోతుంది. వీరమాత అంటాం, వీరపత్ని అంటాం, పద్యం మెచ్చుకుంటాం. నాకు చాలా ఏళ్లుగా ఒకటే ప్రశ్న. కొడుకు చనిపోయాడన్న కబురు వచ్చిన మర్నాడు పొద్దున ప్రోలమ్మ ఏం చేసి ఉంటుంది? పొయ్యి దగ్గరికి వెళ్లి ఉంటుంది. అక్కడ ఆ గిన్నె ఉండి ఉంటుంది. ఈ నాటకానికి మూలం ఇంతే.

తెలుగులో ‘విరగడం’ అనే మాట ఈ కథని మొత్తం మోస్తోంది. పాలు విరుగుతాయి, సేన విరుగుతుంది, మనసు విరుగుతుంది. ఇంకో సంగతి. ఈ యుద్ధం గడ్డి కోసం, ఆవుల కోసం జరిగింది. ఆ తల్లి కొడుకుని పొడిచిన ఆయుధం కూడా పాలే. స్క్రిప్టు రాస్తున్నప్పుడు ఇది తట్టి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నెల్లూరులో ఆ ఇంటికి పాలు పోసేది ఎవరు? గొల్లవాళ్లే కదా. యుద్ధం అవతలి పక్కన ఉన్నదీ వాళ్లే. కాటమరాజు కథలు ఈనాటికీ కొమ్ములవాళ్లనే కథాగాయకులు వీరణం అనే డోలు వాయిస్తూ పాడతారు, అక్కడ వీరుడు కాటమరాజు. అంటే ఆ పాలు పోసే ఆవిడకి కూడా కొడుకు ఉండొచ్చు, అతనూ పంచలింగాలకి వెళ్లి ఉండొచ్చు. అలా మా నాటకంలోకి కనబడని రెండో మనిషి వచ్చింది. గడప అవతల నిలబడే పాలావిడ. ఆమె అసలు రాదు. యుద్ధం మొదలైనప్పటి నుంచి రావడం మానేసింది. ప్రోలమ్మ ఆమె కోసం చూస్తూనే ఉంటుంది.

పల్నాటి యుద్ధం కథ మీద పని చేయకూడదా అని మిత్రులు అడిగారు. బాలచంద్రుడి తల్లి ఐతమ్మ ఉంది, కారంపూడి ఉంది, బాలచంద్రుడి ఏకపాత్ర ప్రతి బడి వార్షికోత్సవంలోనూ ఉంటుంది. ఐతమ్మ దుఃఖం కూడా పెద్దదే. కానీ ఆమె ఆపాలని చూసి, ఆపలేక పంపిన తల్లి. ప్రోలమ్మ వెనక్కి వచ్చిన కొడుకుని తన మాటతో తిరిగి పంపింది. అందరూ మెచ్చుకునే మాట అది. తన కొడుకుని చంపిన మాటని ఊరంతా పద్యంగా పాడుతుంటే వినాల్సి వచ్చిన తల్లి, నాకు తెలిసినంతలో, ఈమె ఒక్కతే. నేను చెప్పదలుచుకున్నది ఈ దుఃఖం.

నటి

వేసినావిడ వయసు యాభై దాటింది. ఊరు శ్రీకాకుళం వైపు, ఉండేది గాజువాకలో. ఇరవై ఏళ్లకు పైగా పద్యనాటకాల్లో చంద్రమతి వేసింది. హరిశ్చంద్ర కాటిసీనులో లోహితాస్యుణ్ని ఒళ్లో పెట్టుకుని ఆమె రాగం తీస్తే జనం ఏడుస్తూనే వన్స్‌మోర్ అంటారు. నిజంగానే మళ్లీ పాడుతుంది, మళ్లీ ఏడుస్తారు. ఆ సంప్రదాయాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. రాగంలో ఏడవడానికి గొంతు, ఊపిరి, లెక్క కావాలి. అవన్నీ ఆమె దగ్గర ఉన్నాయి.

చిక్కు అక్కడే వచ్చింది. మొదటి వారం రిహార్సల్లో కబురు వచ్చే ఘట్టం రాగానే ఆమె గొంతు దానంతటదే పైకి వెళ్లిపోయేది. చేతులు చాచేది, కొంగు జారేది, మోకాళ్ల మీద పడేది. అందంగా ఉండేది. ప్రోలమ్మ మాత్రం కనబడేది కాదు. అక్కా, ఇక్కడ ఏడవొద్దు అని నేను అంటే ఆమెకి నచ్చలేదు.

“కొడుకు సచ్చిపోతే ఏడవకుండా ఉంటాదేటి బాబూ, ఏ తల్లైనా?”

నా దగ్గర జవాబు లేదు. నాట్యశాస్త్రం చెప్పుకుందామంటే కరుణ రసానికి స్థాయి, అంటే మూలభావం, శోకం, వీర రసానికి ఉత్సాహం. ఆ పద్యం వీరం. దాని మర్నాడు కరుణం. రెండూ ఒకే మనిషి నోటి నుంచి రావాలి. ఇలా చెబితే ఆమె తల ఊపింది గానీ, దాంతో ఆడడానికి ఏమీ దొరకలేదు. రిహార్సల్లో నటికి సిద్ధాంతం అక్కర్లేదు, పని కావాలి. ఇది నాకు తెలిసిన విషయమే అయినా ఈ నాటకంలో మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

అందుకని పని ఇచ్చాను. పాలు కాచు అన్నాను.

పాలు

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయాలు చెబుతాను, ఎవరికైనా అవసరం పడొచ్చు. మేం వేయబోయే హాలులో నిప్పు వెలిగించడానికి ఒప్పుకోలేదు. ఇండక్షన్ పొయ్యి పెడదామంటే అది ఇత్తడి గిన్నెని గుర్తించదు, అడుగున ఇనుమో, అయస్కాంతం పట్టే స్టీలో ఉండాలి. చివరికి కాయిల్ హీటరు పెట్టి, చుట్టూ మట్టి పొయ్యి ఆకారం కట్టించాం. వేదిక మీద పాలు పొంగు రావాలంటే చాలాసేపు పడుతుంది కాబట్టి ముందే కాచి ఫ్లాస్కులో పోసి, కనబడకుండా గిన్నెలోకి ఒంపేవాళ్లం.

పాలు విరగాలి, అదీ అనుకున్న మాట దగ్గర విరగాలి. అర లీటరుకి ఒక నిమ్మకాయ రసం. పాలు బాగా వేడిగా ఉంటే గరిటె తిప్పిన కొద్దిసేపటికే ముక్కలవుతాయి. గోరువెచ్చగా ఉంటే సరిగ్గా విరగవు, చిక్కబడి ఊరుకుంటాయి. విశాఖ డెయిరీ ప్యాకెట్లు రెండు రకాలు తెచ్చి చూశాం. వెన్న ఎక్కువున్న పాలకి పెద్ద ముక్కలు కట్టాయి, పల్చటి పాలకి సన్నటి రవ్వలా వచ్చింది. దూరానికి కనబడాలని చిక్కటి పాలే తీసుకున్నాం. రసం గరిటె గుంటలో ముందే ఉంచాం. పక్కనుంచి తక్కువ ఎత్తులో ఒక లైటు వేసి, ఆమె గరిటె పైకెత్తి ఒంపితే ముక్కలు జారిపడడం, పచ్చటి నీళ్లు విడిపోవడం ఆఖరి వరసకీ కనబడేలా చేశాం. ఇందుకే పన్నెండు రోజులు పట్టింది. టీముకి చాలా ఉత్సాహంగా ఉంది. నాకూ ఉంది.

డిసెంబరు రెండో వారంలో మొదటి ప్రదర్శన. హాలు సగానికి పైగా నిండింది. ప్రోలమ్మ ఆ రోజుని మళ్లీ చేసి చూపిస్తుంది. కొడుకు వచ్చాడు, కూచున్నాడు, పాలు అడిగాడు. గరిటె పైకెత్తింది. పాలు విరిగాయి. అనుకున్న మాట మీద, అనుకున్న లైటులో, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా.

హాలంతా చప్పట్లు కొట్టింది. వెనక ఎవరో ఈల వేశారు.

అప్పుడే నాకు కడుపులో ఖాళీగా అనిపించింది. వాళ్లు కొట్టిన చప్పట్లు పాలకి. ఎలా విరగ్గొట్టారబ్బా అన్న ఆశ్చర్యానికి. తర్వాత పావుగంట నటి ఏం చేసినా ఆ ఆశ్చర్యం కిందకి దిగలేదు. పద్యం చెప్పినప్పుడు ఇంకోసారి చప్పట్లు. ముందు వరసలో ఒక పెద్దాయన ఆమెతో పాటు పద్యం మొత్తం పైకి చదివారు. ఎంతో ప్రేమగా, ఒక్క తప్పు లేకుండా చదివారు. ఆమె ముఖం చూశాను. వన్స్‌మోర్ వచ్చినప్పుడు ఉండే ముఖం అది. చంద్రమతి తిరిగొచ్చేసింది.

ప్రదర్శన అయ్యాక చాలామంది మెచ్చుకున్నారు. ఒక్కరు కూడా ప్రోలమ్మ గురించి మాట్లాడలేదు. రెండు విషయాలు అడిగారు, పాలలో ఏం కలిపారు, ఆవిడ పద్యం ఎక్కడ నేర్చుకుంది.

ఆ రాత్రి నటిని ఇంటి దగ్గర దింపడానికి వెళ్తూ దారిలో తప్పు నాది అని చెప్పాను. ఆమె చాలాసేపు కిటికీ లోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత అంది: “పాలు ఇరిగిన గిన్ని తోమినావా బాబూ ఎప్పుడైనా? వాసన ఒగ్గదు. రెండు రోజులు తోమినా ఒగ్గదు.”

నాటకం అక్కడ మారింది.

గిన్నె

పాలు తీసేశాం. పొయ్యి తీసేశాం. కాయిల్ హీటరు, ఫ్లాస్కు, నిమ్మకాయ అన్నీ పోయాయి. కొడుకు వచ్చిన రోజుని ఆడి చూపించడం కూడా తీసేశాం. మిగిలింది మర్నాడు. పాలు విరిగిన గిన్నె, చింతపండు, బూడిద, కొబ్బరిపీచు, ఒక చెంబుడు నీళ్లు. తెర లేచేసరికే ఆమె తోముతూ ఉంటుంది. కబురు అప్పటికే వచ్చింది. ఆ సంగతి ప్రేక్షకులకి పది నిమిషాల తర్వాత గానీ తెలియదు.

గిన్నె కోసం పూర్ణా మార్కెట్ దగ్గర పాత ఇత్తడి సామాను అమ్మే కొట్లన్నీ తిరిగాం. నటే ఎంచింది. కొత్తది వద్దంది. అంచు దగ్గర సొట్ట ఉన్నది తీసుకుంది, చేత్తో తడిమితే ఆ సొట్ట తగలాలట. నాటకంలో ఇప్పుడు ఆ సొట్టకి ఒక కథ ఉంది, చిన్నప్పుడు తిక్కన కింద పడేసినప్పటిది. ఆ వాక్యాలు నేను రాసినవి కావు. రిహార్సల్లో ఆమె వేలు అక్కడ ఆగినప్పుడు వచ్చినవి.

రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ చివరి సంవత్సరాల్లో భావం వెంట పడడం తగ్గించి శారీరక క్రియల మీద దృష్టి పెట్టాడని చదువుకున్న రోజుల్లో నోట్సు రాసుకున్నాను. దాని అర్థం నాకు ఈ గిన్నె దగ్గర తెలిసింది. ఏడవొద్దు అంటే ఏ నటీ ఏడుపు ఆపలేదు. గిన్నె అడుగున అంటిన విరుగుడు వదిలించు అంటే, చెయ్యి దాని మీద పడుతుంది, మాట చేతి వెనక నడుస్తుంది. చెయ్యి వేగం పెరిగితే మాట తెగుతుంది. చెయ్యి ఆగిపోతే ప్రేక్షకుడికి భయం వేస్తుంది. మేం మొత్తం స్క్రిప్టుకి మాటల పక్కన చేతి వేగం రాసుకున్నాం. నెమ్మది, గట్టి, ఆపు, నీళ్లు. ఆమెకి పద్యనాటకంలో తాళం అలవాటు కాబట్టి ఇది వెంటనే పట్టుకుంది. నిజానికి ఇది ఆమె పాత విద్యే, గొంతు లోంచి చేతిలోకి దిగింది.

బూడిద ఇత్తడి మీద రాసుకునే చప్పుడు వినబడాలి. ఆమె కూచునే చెక్క కింద చిన్న మైకు ఒకటి పెట్టాం. మొదట వాల్యూమ్ ఎక్కువై భరించలేనట్టు ఉంది. తగ్గించి తగ్గించి, మాట ఆగినప్పుడు మాత్రమే చెవిలో పడే స్థాయికి తెచ్చాం. నేపథ్య సంగీతం లేదు.

లైటు విషయంలో ఒకటి అనుకోకుండా జరిగింది. చింతపండుతో తోమిన కొద్దీ ఇత్తడి మెరుస్తుంది కదా. పక్క నుంచి వేసిన లైటు ఆఖరి పది నిమిషాల్లో గిన్నె మీద పడి, అక్కణ్నుంచి ఆమె చెంప మీద పసుపుగా ఆడడం మొదలైంది. ప్రతిసారీ మళ్లీ మసకబారిన గిన్నె కావాలి. అందుకు మేం పడ్డ కష్టం ఏమీ లేదు. నాలుగు రోజులు డాబా మీద వదిలేస్తే ఉప్పుగాలి ఆ పని చూసుకుంటుంది. సముద్రం పక్క ఊళ్లో ఇత్తడి ఎక్కువ రోజులు మెరవదు.

రిహార్సల్స్ పెదవాల్తేరులో మిత్రుడి డాబా మీద చేసేవాళ్లం. నవంబరు ఆఖరులో, మొదటి ప్రదర్శనకి ముందు, నేవీ డే కోసం విమానాలు, హెలికాప్టర్లు బీచ్ మీద రోజూ తిరిగేవి. 1971 యుద్ధం గుర్తుగా ఆ ఏడాది డిసెంబరు 4న ఇక్కడ జరగాల్సిన విన్యాసాలకి అది సాధన. తలమీదుగా ఒక్కసారి విమానం దూసుకెళ్తే ఎవరి మాటా వినబడదు. ఒక సాయంత్రం ఆమె డైలాగు మధ్యలో ఉండగా వచ్చింది. ఆపేసి, గరిటె పట్టుకునే తల పైకెత్తి, అది వెళ్లేదాకా చూసి, ఏమీ జరగనట్టు మళ్లీ పనిలో పడింది. రెండో ప్రదర్శనకి స్క్రిప్టు తిరగరాసేటప్పుడు నాకు ఆ చూపే గుర్తొచ్చింది. ఇప్పుడు నాటకంలో మూడు చోట్ల ఆమె చెయ్యి ఆపి వీధి వైపు తల ఎత్తుతుంది. చప్పుడేమీ ఉండదు. ఆమె వింటున్నది గుర్రమా, పాలావిడ అడుగులా, పద్యం పాడుకుంటూ పోయేవాళ్లా అన్నది ప్రతి చోటా వేరు. బీచ్ రోడ్డులో యుద్ధ స్మారకం పక్కన రోజూ నడిచే ఊరు ఇది. ఆ చూపు ఏమిటో ఇక్కడి వాళ్లకి వివరించాల్సిన పని లేదు.

భాష దగ్గర రెండు నిర్ణయాలు. ప్రోలమ్మది నెల్లూరు, మా నటిది శ్రీకాకుళం. నెల్లూరు యాస నేర్పిద్దామని కొద్ది రోజులు చూశాం. అనుకరణ అనుకరణలాగే వినబడింది. 13వ శతాబ్దపు మాట ఎలాగూ తెచ్చిపెట్టలేం. మామూలు తెలుగులోనే ఉంచి, ఆమె సాగదీసే చోట సాగనిచ్చాం. ఒక్క చోట మాత్రం, గిన్నె సొట్ట దగ్గర, “నా బాబో” అని ఉత్తరాంధ్ర శోకం వస్తుంది. అది ఒక్కసారే, చిన్న గొంతుతో. ఆ మాటకి రాగం తీయకుండా ఉండడం ఆమెకి అన్నిటికంటే కష్టమైంది. ఆ రాగాన్ని తన ఊళ్లో చావు ఇళ్లలో చిన్నప్పటి నుంచీ విన్నది. తీయకుండా మింగినప్పుడు గొంతులో ఒక చప్పుడు వస్తుంది. నేను ఏ నటికీ అలాంటిది నేర్పలేను.

రెండోది వస్తువుల సంగతి. తొలి స్క్రిప్టులో ప్రోలమ్మ ఎండబెట్టిన మిరపకాయలు ఏరుతుంది. చదివిన మిత్రురాలు పట్టుకుంది. మిరప మన దేశానికి పోర్చుగీసు వాళ్ల రాకతో వచ్చింది, రెండు వందల ఏళ్లకు పైనే తేడా. మిరియాలుగా మార్చాం. చింతపండు విషయంలో ఇబ్బంది లేదు.

పద్యం

పద్యం ఏం చేయాలన్నది ఆఖరి దాకా తేలలేదు. తీసేస్తే ప్రేక్షకులు వెతుక్కుంటారు. ఉంచితే చప్పట్లు కొడతారు. తిక్కన సోమయాజి స్త్రీపర్వంలో గాంధారి కొడుకుల మధ్య నడుస్తూ ఒక్కొక్కరినీ గుర్తుపట్టే ఘట్టం నటితో కలిసి చదివాను. ఆ కుటుంబంలోనే ఒకరు కత్తికి బలైతే, ఒకరు తల్లుల ఏడుపు తెలుగులోకి తెచ్చారు. గాంధారి ఆ శవాల మధ్య కృష్ణుణ్ని శపించింది. ప్రోలమ్మకి శపించడానికి ఎవరున్నారు? నటి ఈ ప్రశ్న అడిగింది. తర్వాత తనే అంది, “ఉన్నారు కదా, ఆ పజ్యెం.”

అందుకని ఇప్పుడు పద్యం ఆమె నోటితో చెప్పదు. వీధిలో పిల్లలు పాడుకుంటూ పోతున్నట్టు, తను వింటున్నట్టు, ముక్కలు ముక్కలుగా పెదవులు కదుపుతుంది. పసులూ విరిగినవి, అక్కడ ఆపుతుంది. ఆ తర్వాతి మాట దగ్గర గిన్నె మీద చేయి గట్టిగా పడుతుంది. మాట బదులు బూడిద చప్పుడు వస్తుంది. మూడు సార్లు ఆ పద్యం వీధిలో వెళ్తుంది, మూడు సార్లూ ఆ మాట తోముడులో కలిసిపోతుంది. మూడోసారి ఆమె అంటుంది: “నా నోట్లోంచి ఊడిపడ్డ మాట. ఒక పూట కోపం. దానికి యతి ఎవరు కుదిర్చార్రా, ప్రాస ఎవరు పెట్టారు? వాడు వింటే తిరిగొచ్చేవాడే. మీరంతా విన్నారు.”

సంక్రాంతి తర్వాత రెండో ప్రదర్శన చిన్న హాలులో వేశాం. ఆ మాట దగ్గర హాల్లో కొందరు పద్యం పూర్తి చేయబోయి ఆగిపోయారు. గొంతులు లేచి పడిపోయిన ఆ చిన్న చప్పుడు నేను పక్క నుంచి విన్నాను. చప్పట్లు రాలేదు. నాటకం అయ్యాక కూడా వెంటనే రాలేదు.

నటి గురించి ఒక మాట చెప్పకపోతే ఈ రాత అసంపూర్తి. ఇలాంటి పాత్రకి చాలామంది దర్శకులు నటి సొంత దుఃఖాన్ని తవ్వుతారు. మీ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి అంటారు. నేను అడగలేదు. అడగనని మొదటి రోజే చెప్పాను. రెండు సార్లు ఆమె ఒకే వాక్యం దగ్గర ఆగిపోయింది. కారణం అడక్కుండా ఆ వాక్యం కొట్టేశాను. ప్రతి రిహార్సల్ చివర చేతులు కడుక్కోవడం కూడా నియమంగా పెట్టుకున్నాం. బూడిద, చింతపండు పోయేదాకా సబ్బుతో కడుక్కుని, టీ తాగి, పిల్లల చదువులు, గాజువాక ట్రాఫిక్, ఏదో ఒకటి మాట్లాడుకున్నాకే ఇళ్లకి వెళ్లేవాళ్లం. చిన్న విషయంలా కనబడుతుంది. ఈ పాత్రని ఆమె ఇంటికి మోసుకెళ్లకుండా కాపాడింది అదే అని నా నమ్మకం. ఆమె మనవరాలు ఒకసారి రిహార్సల్‌కి వచ్చి, అమ్మమ్మా ఇంటికెళ్దామా అనగానే ఆమె లేచి నవ్వుతూ వెళ్లిపోయింది. ఆ రోజు నాకు టెన్షన్ తగ్గింది.

కోడలు

రెండో ప్రదర్శన అయ్యాక, జనం వెళ్లిపోయాక, ఒకావిడ వేదిక దగ్గరికి వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. భీమిలి వైపు నుంచి వచ్చిందట, కొడుకు మిలటరీలో ఉన్నాడట. ఆమె ఇంకేమీ చెప్పలేదు, మేం అడగలేదు. గిన్నె ఇంకా అక్కడే ఉంది. తీసి లోపలికి చూసింది, వేలితో అడుగు తడిమింది, కింద పెట్టింది. తర్వాత మా నటిని అడిగింది.

“మరి కోడలేటి తిందమ్మా ఆ పూట?”

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. మూడు నెలలు పనిచేశాం. చానమ్మ ఆ ఇంట్లోనే ఉంది. పసుపు ముద్ద పెట్టింది ఆమే. మాట అన్నదీ ఆమే. భర్త పోయిందీ ఆమెకే. ఒక్క గోడ అవతల కూర్చుని ఉంటుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు. నేను తల్లి గురించి రాస్తూ కోడల్ని పూర్తిగా వదిలేశాను. గడప అవతలి పాలావిడని ఊహించగలిగిన నాకు పక్క గది కనబడలేదు. నాటకంలో ఇంతకంటే పెద్ద లోపం లేదు, దాన్ని చూసింది ఆ భీమిలి ఆవిడ.

మూడో ప్రదర్శనకి నాలుగు పేజీలు కొత్తగా రాసుకెళ్లాను. చానమ్మ మీద కోపం, జాలి, ఇద్దరి తప్పూ ఒకటే అన్న మాట, అన్నీ రాశాను. నటి చదివింది. కాగితాలు మడిచి నాకు తిరిగి ఇచ్చేసింది. ఒక్క పళ్లెం కావాలంది.

ఇప్పుడు నాటకం చివర ఇలా ఉంది. గిన్నె శుభ్రమైంది, మెరుస్తోంది. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. కింద పెడుతుంది. చేతులు కడుక్కుంటుంది, చెంబులో నీళ్లు పూర్తిగా అయిపోయేదాకా. మూలనున్న పళ్లెం తీసి, కొంగుతో తుడిచి, లోపలి గది గుమ్మం దగ్గర పెడుతుంది. అందులో అన్నం ఉందో లేదో ప్రేక్షకులకి కనబడదు. గుమ్మం వైపు తిరక్కుండానే పిలుస్తుంది.

“చానమా, తిన్నావా?”

లైటు వేసే అబ్బాయికి నేను చెప్పింది ఒక్కటే. నువ్వు ఆర్పకు. ఆమె జవాబు కోసం ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుందో ఏ రోజుకి ఆ రోజే. ఆమె చూపు గుమ్మం మీంచి నేల మీదకి దిగినప్పుడు ఆర్పు. మూడో ప్రదర్శనలో అతను చాలాసేపు స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడే ఉన్నాడు.